ప్రయోగ కేంద్రాలు: చేతితో నేర్చుకొనే విద్య

మన విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలలో తరచుగా కనిపించే దృశ్యమొకటున్నది. బల్ల చుట్టూ పదిమంది నిలుస్తారు. ఒకరు ప్రయోగం చేస్తారు. తక్కినవారు ఫలితాన్ని వ్రాసుకొంటారు. పరికరాన్ని తాకని విద్యార్థికి పట్టా లభించవచ్చునేమో గాని, శాస్త్రం పట్టుబడదు. ఈ లోపాన్ని సరిదిద్దగలది ప్రయోగ కేంద్రాల పద్ధతి.

పదహారుమంది విద్యార్థులకు నాలుగు బల్లలు అమర్చి, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క సమస్య నుంచవలెను. నలుగురు చొప్పున జట్లుగా ఇరవై నిమిషాలకొకసారి బల్ల మారవలెను.

మొదటిది లోలకం. దారం పొడవు 1 మీటరైతే 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు, 25 సెంటీమీటర్లయితే సుమారు 20 సెకన్లు పడుతుంది. పొడవు నాలుగవ వంతైనప్పుడు కాలం సగమే తగ్గుటకు కారణమేమి?

రెండవది రెండు స్విచ్చులు, ఒక బ్యాటరీ, ఒక దీపం. శ్రేణిలో కలిపితే రెండూ నొక్కినప్పుడే దీపం వెలుగుతుంది. సమాంతరంగా కలిపితే ఏ ఒక్కటి నొక్కినా చాలును. కంప్యూటరు తర్కానికి ఇవి తొలిమెట్లు.

మూడవది ఓమ్ నియమం. 5 వోల్టుల సరఫరాపై 2 వోల్టుల ఎల్‌ఇడిలో 15 మిల్లీ ఆంపియర్లు ప్రవహించుటకు 200 ఓముల నిరోధం కావలెను. బజారులో దొరికే 220 ఓముల నిరోధకం సరిపోతుంది.

నాల్గవ బల్లపై అదే దీపాన్ని, 2005లో ఇటలీలో రూపొందిన ఆర్డుయినో పలకతో, సెకనుకొకసారి వెలిగించే ఆదేశాలు వ్రాయవలెను.

జట్టులో ఒకరు తీగలు కలుపుతారు, ఒకరు కొలుస్తారు, ఒకరు వ్రాస్తారు, ఒకరు ప్రశ్నిస్తారు. బల్లతోపాటు బాధ్యత కూడ మారవలెను. అప్పుడే ప్రతివారి చేతికీ పరికరం అందుతుంది. సూచనల అట్టపై సమాధానముండరాదు. ఫలితాన్ని ముందుగా ఊహించి వ్రాసిన పిమ్మటనే ప్రయోగం ఆరంభించవలెను. అట్ట ఉర్దూ, తెలుగు లిపులలో ఉండుట మన కళాశాలకు అత్యావశ్యకం. 'నిరోధం' అన్నా 'ముజాహమత్' అన్నా వస్తువొక్కటేనని విద్యార్థి తన వ్రేళ్లతో తెలిసికొంటాడు.

ఇది గగనకుసుమం కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలలలో ఆరంభమైన విజ్ఞాన బోధనా కార్యక్రమం, సామాన్య సామగ్రితో గ్రామీణ బాలలచేత 2002 వరకు ప్రయోగాలు చేయించినది.

కనుక కళాశాల సంఘం వారికి మా మనవి ఒక్కటే: ఖరీదైన యంత్రాన్ని కొని బీరువాలో భద్రపరచుటకంటె, చౌకైన పరికరాలను బల్లపై నుంచుట మేలు. విద్యార్థి మిత్రులారా, పరికరం పాడగునేమోనని వెనుకాడకండి, తాకనిదే తెలియదు.