ఉపేక్షను తెలిపే ఆంగ్ల వాక్యాలు – వాడుకలోని మెలకువలు

ఆంగ్లం అభ్యసించే మన విద్యార్థులను కఠిన పదాల కంటె అతి చిన్న వాక్యాలే ఎక్కువగా చిక్కులలో పెడుతూ ఉంటాయి. "నాకు అభ్యంతరం లేదు", "నాకు ఏదైనా ఒకటే", "నాకు లెక్క లేదు" అనే మూడు భావాలనే తీసుకుందాం. తెలుగులో వీటి నడుమ ఉన్న దూరం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆంగ్లంలో ఆ దూరం తెలియని పక్షంలో వినయంగా చెప్పదలచిన మాట పొగరుగా వినబడుతుంది. విన్నవారు మర్యాదకు ఊరుకుంటారు గనుక చెప్పినవారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

ఈ చిక్కుకు మూలం మనం నిత్యం పలికే "పరవాలేదు" అనే మాటలో ఉంది. "పర్వా" పారసీ పదం; ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడింది. పొరపాటున మన కాలు తొక్కినవారు క్షమించమంటే "పరవాలేదు" అంటాము. ఆరోగ్యం ఎలా ఉందని అడిగినా అదే జవాబు. కుర్చీ లేదు, కాసేపు నిలబడగలరా అన్నా అదే. ఎవరేమనుకున్నా సరే అని తెగించినప్పుడు కూడా అదే మాట. ఆంగ్లంలో ఈ నాలుగు సందర్భాలకు నాలుగు వేర్వేరు వాక్యాలున్నాయి: మొదటిదానికి "ఇట్ డజంట్ మాటర్", రెండవదానికి "నాట్ బ్యాడ్", మూడవదానికి "ఐ డోంట్ మైండ్", నాలుగవదానికి మాత్రమే "ఐ డోంట్ కేర్".

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. ఉర్దూలో "ముఝే పర్వా నహీఁ" అన్న మాట "ఐ డోంట్ కేర్" వలెనే కరుకైనది. క్షమాపణ కోరినవారితో ఉర్దూ మాట్లాడేవారు ఆ మాట అనరు. "కోయీ బాత్ నహీఁ" అంటారు. అంటే తెలుగులోకి వచ్చిన తరువాత ఈ పదం మెత్తబడిందన్న మాట. కనుక తెలుగు విద్యార్థికి సందేహం కలిగినప్పుడు తన పక్క బెంచీలోని ఉర్దూ మిత్రుణ్ణి అడగడం మంచి ఉపాయం. అతడు "కోయీ బాత్ నహీఁ" అనే చోట "ఐ డోంట్ కేర్" ఎన్నటికీ పనికిరాదు.

ఉద్యోగ పరీక్షలో ఈ భేదం ఎంత పని చేస్తుందో చూడండి. "మీరు దూర ప్రాంతంలో పని చేయవలసి వస్తుంది, సమ్మతమేనా?" అని అధికారి అడిగారనుకుందాం. "ఐ డోంట్ కేర్" అని అభ్యర్థి జవాబిస్తే, ఎక్కడికైనా వెళ్ళడానికి సిద్ధమని అతని ఉద్దేశం. అధికారికి వినబడేది మాత్రం "నాకేమిటి లెక్క?" అని. "ఐ డోంట్ మైండ్" అంటే అభ్యంతరం లేదని అర్థం. అది దోషం లేని మాట. "ఐ షల్ బి గ్లాడ్ టు గో" అంటే ఇంకా శ్రేష్ఠం. ఎందుకంటే అడిగేవారు కోరేది ఉత్సాహం. అభ్యంతరం లేకపోవడం ఉత్సాహం కాదు.

"మైండ్" తరువాత వచ్చే క్రియకు "ఇంగ్" చేరాలి. "ఐ డోంట్ మైండ్ వెయిటింగ్" అనాలే గాని "టు వెయిట్" అనరాదు. దీనికంటె పెద్ద గండం ప్రశ్నలో ఉంది. "వుడ్ యు మైండ్ ఓపెనింగ్ ది విండో?" అని అడిగితే మనవారు మర్యాదగా "యెస్" అంటారు. ఆ ప్రశ్నకు అసలు అర్థం "కిటికీ తెరవడానికి మీకు అభ్యంతరమా?" అని. "యెస్" అంటే అభ్యంతరమేనని చెప్పినట్లు! "నాట్ ఎట్ ఆల్" అని లేచి కిటికీ తెరవాలి.

టీ కావాలా, కాఫీ కావాలా అని అడిగిన గృహస్థునికి "ఈదర్ విల్ డు, థాంక్యూ" అనడం చాలు. "ఇట్స్ ఆల్ ది సేమ్ టు మి" అన్నా తప్పు లేదు గాని, ముఖాన చిరునవ్వు లేకపోతే కాస్త విసుగుగా వినబడుతుంది. మన "మీ ఇష్టం", ఉర్దూ "ఆప్‌కీ మర్జీ" ఎంతో గౌరవంగా పలకవచ్చు. వాటికి బదులు "ఆజ్ యు లైక్" అని ముక్తసరిగా అంటే ఆ గౌరవం సగం కరిగిపోతుంది. "ఐ లీవ్ ఇట్ టు యు" అంటే నిలుస్తుంది. "సూట్ యువర్‌సెల్ఫ్" అన్నదాన్ని పెద్దల యెదుట అసలు వాడరాదు; "నీ చావు నువ్వు చావు" అన్నంత కాకపోయినా, ఆ దారిలోదే.

ఇక నిజంగానే లెక్క లేదని చెప్పవలసిన సందర్భాలూ ఉంటాయి. "ఐ కుడంట్ కేర్ లెస్" అనేది గత శతాబ్ది పూర్వార్ధంలో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది. ఇంతకంటె తక్కువ పట్టించుకోవడం సాధ్యం కాదు, అనగా నా శ్రద్ధ శూన్యం అని దాని భావం. 1960ల నాటికి అమెరికాలో కొందరు వ్యతిరేకార్థాన్ని జారవిడిచి "ఐ కుడ్ కేర్ లెస్" అనసాగారు. తర్కం ప్రకారం చూస్తే, తగ్గించుకోవడానికి ఇంకా కొంత శ్రద్ధ మిగిలి ఉన్నదని దాని అర్థం! అయినా వారు రెంటినీ ఒకే భావంతో వాడుతున్నారు. పరీక్షా పత్రంలో మాత్రం మొదటి రూపమే శరణ్యం.

"ఐ డోంట్ గివ్ ఎ డామ్" మరింత ముతక మాట. 1939 నాటి "గాన్ విత్ ది విండ్" చిత్రంలో "డామ్" అన్న పదాన్ని ఉంచడానికి నిర్మాత సెన్సారు నియమాలతో పెనుగులాడవలసి వచ్చింది. ఇందులోని "డామ్" అక్బరు కాలపు రాగి నాణెమైన "దామ్" అనీ, నలభై దాములు ఒక రూపాయి గనుక "దమ్మిడీ విలువ ఇవ్వను" అన్నట్టి భావమనీ 1886లో వెలువడిన "హాబ్సన్-జాబ్సన్" పదకోశకర్తలు సూచించారు. వినడానికి మనకు ముచ్చటగా ఉంటుంది. కాని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ ఊహకు ఆధారం లేదని తోసిపుచ్చింది. అది శాపార్థకమైన "డామ్" మాత్రమే. మన దమ్మిడీ మాత్రం నిస్సందేహంగా ఆ దాము సంతతిదే.

చివరగా విశేషణాల మాట. "ఇండిఫరెంట్" తరువాత "టు" రావాలి: "ఇండిఫరెంట్ టు ప్రెయిజ్" అంటే పొగడ్తను పట్టించుకోనివాడు. కాని "యాన్ ఇండిఫరెంట్ ప్లేయర్" అంటే ఆటపై శ్రద్ధ లేనివాడని కాదు, అంతంతమాత్రపు ఆటగాడని. "అనింటరెస్టెడ్", "డిసింటరెస్టెడ్" అనే జంటను పత్రికలవారు సైతం కలగాపులగం చేస్తున్నారు. మొదటిది ఆసక్తి లేనివాణ్ణి తెలుపుతుంది. రెండవది స్వలాభాపేక్ష లేని నిష్పక్షపాతిని. వక్తృత్వ పోటీకి మనం పిలిచే న్యాయనిర్ణేత "డిసింటరెస్టెడ్" అయి ఉండాలి. "అనింటరెస్టెడ్" అయితే మూడవ వక్త లేచేసరికి ఆయన కునికిపాట్లు పడుతూ ఉంటారు.