పాఠం 14: కరెంటు కారు బేరం

ఈ పాఠంలో నేర్చుకునేవి: బేరమాడేటప్పుడు వాడే మాటలు, "-తే" వాక్యాలు, మొత్తం ఖర్చు లెక్క కట్టడం.

పిల్లలూ!

ఫింటాస్‌లో మీ బిల్డింగ్ పార్కింగ్‌లో ఒకసారి కార్లన్నీ చూసి రండి. పెట్రోల్ పోయించుకునేవి ఎన్ని? కరెంటుతో నడిచేవి ఎన్ని? ఇంట్లో కొత్త కారు మాట వచ్చినప్పుడు పెద్దవాళ్లు ధర గురించి మాట్లాడతారు, పిల్లలు రంగు గురించి మాట్లాడతారు. ఈ పాఠం చదివాక మీరూ ధర గురించి, అదీ తెలుగులో, మాట్లాడగలరు. కువైట్‌లో కరెంటు కారు కొనేవాళ్లకు బేరం ఎందుకంత ముఖ్యమో కూడా మీకే తెలుస్తుంది.

1. మీకు సగం తెలిసిన మాటలు

స్కూల్లో అరబిక్ క్లాసులో, షోరూమ్ బోర్డుల మీద మీరు చూసే కొన్ని మాటలు తెలుగులోనూ ఉన్నాయి. ఇవి వందల ఏళ్ల కిందటే పర్షియన్, ఉర్దూల మీదుగా మన ఊళ్లకు వచ్చాయి. కొన్నిటికి అర్థం కాస్త మారింది.

కిస్తీ: అప్పును నెలనెలా కొంచెం కొంచెంగా కట్టే సొమ్ము. అరబిక్‌లో 'కిస్త్'. ఒకటి కంటే ఎక్కువైతే 'అక్సాత్'. షోరూమ్ బోర్డుల మీద కనిపించేది ఇదే.

నగదు: చేతిలో ఉన్న డబ్బు. అరబిక్‌లో 'నక్ద్'.

బాకీ: అరబిక్‌లో దీనికి 'మిగిలింది' అని అర్థం. బకాలాలో మీకు తిరిగి ఇచ్చే చిల్లర కూడా బాకీయే. తెలుగులో మాత్రం బాకీ అంటే మనం ఇంకా తీర్చాల్సిన అప్పు. అక్కడ డబ్బు మన చేతికి వస్తుంది, ఇక్కడ మన చేతి నుంచి పోతుంది!

బయానా: బేరం కుదిరాక ముందుగా ఇచ్చే డబ్బు. అరబిక్‌లో 'బయ్' అంటే అమ్మకం. కార్ల అద్దాల మీద 'లిల్ బయ్' అని రాసి ఉంటే, ఆ కారు అమ్మకానికి ఉందన్నమాట.

జామీను: పూచీ. కారు వారంటీని అరబిక్‌లో 'దమాన్' అంటారు. రెండూ ఒకే వేరు నుంచి పుట్టిన మాటలు.

వకీలు: అరబిక్‌లో 'వకీల్' అంటే ఇంకొకరి తరఫున పనిచేసేవాడు. కువైట్‌లో కార్ల కంపెనీ తరఫున అమ్మే ఏజెంటు వకీల్. తెలుగులో మన తరఫున కోర్టులో వాదించే లాయరు వకీలు.

మరో మూడు మాటలు మన సంతల్లో, అంగళ్లలో రోజూ వినిపిస్తాయి.

గిట్టుబాటు: ఖర్చు పోగా కొంత మిగలడం. "గిట్టదు" అంటే "ఈ ధరకు అమ్మితే మాకేమీ మిగలదు" అని.

కొసరు: కొన్నదానితో పాటు ఊరికే ఇచ్చేది. కూరగాయలు కొంటే పైన వేసే గుప్పెడు కొత్తిమీర కొసరే.

బేరం కుదరడం: ఇద్దరూ ఒక ధరకు ఒప్పుకోవడం.

2. చదవండి: షోరూమ్‌లో

నాన్నది రాజంపేట. షోరూమ్‌లో పనిచేసే ఆయనది వరంగల్. ఇద్దరి మాటతీరులో తేడా గమనిస్తూ, పైకి చదవండి. ఇందులోని ధరలు పాఠం కోసం అనుకున్నవి.

నాన్న: అన్నా, ఈ బండి ఎంత పడుతుంది?

షోరూమ్ ఆయన: ఎనిమిది వేల తొమ్మిది వందల దినార్లు సార్.

నాన్న: బోర్డు మీదిది నేనూ చదివినాను. ఇంటికి తీసుకుపోయేసరికి అంతా కలిపి ఎంత అవుతుందో చెప్పండి.

పాప: నాన్నా, ఛార్జరు అందులోనే ఉందా, వేరేనా? అడుగు.

షోరూమ్ ఆయన: మంచిగ అడిగినవమ్మా. ఛార్జరు వేరే, రెండు వందల యాభై. మొదటి ఏడాది ఇన్సూరెన్స్ ఇంకో రెండు వందలు.

నాన్న: నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారు?

షోరూమ్ ఆయన: నూట యాభై తగ్గిస్తం సార్. అంతకంటె తగ్గిస్తే మాకు గిట్టదు.

నాన్న: మరి కిస్తీల మీద అయితే?

షోరూమ్ ఆయన: తొమ్మిది వందలు ముందు కట్టాలె. తర్వాత నెలకు నూట యాభై, అరవై నెలలు.

నాన్న: ధర తగ్గకపోతే పోనీలే అన్నా. ఛార్జరు కొసరుగా ఇస్తే ఆలోచిస్తాము.

షోరూమ్ ఆయన: మేనేజర్ సార్‌ని అడిగి చెప్త. ఈరోజే బుక్ చేస్తే ఇస్తరేమో.

నాన్న: ఈరోజు కుదరదు. మీరు చెప్పిందంతా కాగితం మీద రాసిస్తే, ఇంకో రెండు చోట్ల చూసుకొని వస్తాము.

షోరూమ్ ఆయన: సరే సార్, రాసిస్త.

నాన్న ఎక్కడా గొంతు పెంచలేదు, కారును తిట్టలేదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని మన సామెత. అలాగని అడగడానికి మొహమాటపడనూ లేదు. "అడగనిదే అమ్మయినా పెట్టదు" అన్నదీ మన సామెతే. ఆయన చేసిన పనులు నాలుగు: మొత్తం ధర అడిగారు, ధర తగ్గనప్పుడు కొసరు అడిగారు, తొందరపెడితే ఆగారు, అంతా రాసిమ్మన్నారు.

3. మాట తీరు: "-తే"

బేరంలో ఎక్కువగా వినిపించే రూపం ఇది. "ఇది జరిగితే అది జరుగుతుంది" అని చెప్పడానికి వాడతాం.

తగ్గించు: మీరు ఇంకో వంద తగ్గిస్తే తీసుకుంటాము.
ఇవ్వు: ఛార్జరు ఇస్తే బయానా కడతాము.
రాయు: కాగితం మీద రాస్తే మేలు.

కాదని చెప్పాలంటే "-కపోతే": తగ్గించకపోతే, ఇవ్వకపోతే, రాయకపోతే.

పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో "తగ్గించు" అనకూడదు. "తగ్గించండి" అనాలి. "కొంచెం తగ్గిస్తారా?" అని అడిగితే ఇంకా మర్యాదగా ఉంటుంది. సంభాషణలో పాప వాళ్ల నాన్నతో "అడుగు" అంది. చాలా ఇళ్లలో అమ్మానాన్నలతో చనువుగా అలా అంటారు, మరికొన్ని ఇళ్లలో "అడగండి" అంటారు. మీ ఇంట్లో ఏమంటారు?

4. లెక్క: ఏది చౌక?

వాళ్లు రెండో షోరూమ్‌కు కూడా వెళ్లారనుకుందాం. కారు అదే, ధర వేరు.

మొదటి షోరూమ్
బోర్డు మీద ధర: 8,900 దినార్లు
ముందు కట్టేది: 900
కిస్తీలు: 150 × 60 నెలలు = 9,000
ఛార్జరు: 250
ఇన్సూరెన్స్: 200
మొత్తం: 10,350 దినార్లు

రెండో షోరూమ్
బోర్డు మీద ధర: 9,200 దినార్లు
ముందు కట్టేది: 1,200
కిస్తీలు: 145 × 60 నెలలు = 8,700
ఛార్జరు: కొసరు
ఇన్సూరెన్స్: కొసరు
మొత్తం: 9,900 దినార్లు

బోర్డు మీద చూస్తే మొదటిది 300 దినార్లు తక్కువ. మొత్తం కూడితే 450 దినార్లు ఎక్కువ! కిస్తీలో ఐదు దినార్ల తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ అరవై నెలలకు అది 300 దినార్లు. అందుకే "నెలకు ఎంత?" అన్న ప్రశ్నతో ఆగకుండా, "ఎన్ని నెలలు?" అని కూడా అడగాలి.

5. పెట్రోల్ మిగులు: ఫింటాస్‌లో ఎంత, హైదరాబాద్‌లో ఎంత?

"కరెంటు కారు కొంటే పెట్రోల్ డబ్బు మిగులుతుంది" అని అందరూ అంటారు. నిజమే. ఎంత మిగులుతుందన్నది మాత్రం ఊరిని బట్టి ఉంటుంది. ఒక కారు ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. పెట్రోల్ కారుకు 100 కిలోమీటర్లకు 8 లీటర్లు, కరెంటు కారుకు 18 యూనిట్లు కావాలనుకుందాం. అంటే ఏడాదికి 1,200 లీటర్లు, లేదా 2,700 యూనిట్లు.

ఫింటాస్‌లో: కువైట్‌లో 2016 సెప్టెంబరులో 91 ఆక్టేన్ పెట్రోల్ ధర లీటరుకు 85 ఫిల్సులు చేశారు. ఆ ధరకు 1,200 లీటర్లు 102 దినార్లు. అద్దె అపార్ట్‌మెంట్లకు యూనిట్ 5 ఫిల్సుల లెక్కన 2,700 యూనిట్లు పదమూడున్నర దినార్లు. మిగిలేది ఏడాదికి 88 దినార్ల 500 ఫిల్సులు.

హైదరాబాద్‌లో: 2025లో పెట్రోల్ లీటరు 107 రూపాయల పైనే ఉంది. 107 చొప్పున 1,200 లీటర్లు 1,28,400 రూపాయలు. కరెంటు యూనిట్ 8 రూపాయలనుకుంటే 21,600 రూపాయలు. మిగిలేది ఏడాదికి 1,06,800 రూపాయలు. పైగా తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి కరెంటు బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా చేసింది.

ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కుదాం. కరెంటు కారు అదే సైజు పెట్రోల్ కారు కంటే ఫింటాస్‌లో 1,500 దినార్లు, హైదరాబాద్‌లో 3 లక్షల రూపాయలు ఎక్కువనుకోండి. ఆ ఎక్కువ సొమ్ము పెట్రోల్ మిగులుతో తిరిగి రావడానికి హైదరాబాద్‌లో మూడేళ్లు కూడా పట్టదు. ఫింటాస్‌లో దాదాపు 17 ఏళ్లు పడుతుంది. అప్పటికి మీరు చదువు ముగించి ఉద్యోగం చేస్తూ ఉంటారు!

అంటే కువైట్‌లో కరెంటు కారు కొనకూడదని కాదు. అది చప్పుడు చేయదు, పొగ వదలదు, ఇంజను ఆయిల్ మార్చే పని లేదు. అయితే ఇక్కడ పెట్రోల్ చౌక కాబట్టి, కొన్న తర్వాత మిగిలేది కొంచెమే. మిగుల్చుకోవాల్సింది కొనేటప్పుడే. అందుకే ఇక్కడ బేరం గట్టిగా ఆడాలి.

6. బయానా ఇవ్వకముందు ఐదు ప్రశ్నలు

ఛార్జింగ్ ఎక్కడ? ఫింటాస్‌లో మనవాళ్లు ఎక్కువమంది అద్దె ఫ్లాట్లలో ఉంటారు. పార్కింగ్‌లో ఛార్జరు బిగించాలంటే బిల్డింగ్ యజమాని ఒప్పుకోవాలి. ముందు హారిస్‌ను అడగండి, తర్వాత యజమానిని. ఆయన ఒప్పుకోకపోతే షోరూమ్‌వాళ్లు కొసరుగా ఇచ్చిన ఛార్జరు డబ్బాలోనే ఉండిపోతుంది. బయట ఛార్జింగ్ చేయించుకుంటే యూనిట్ ఎంతో కూడా కనుక్కోవాలి. అప్పుడు పైన వేసిన లెక్క మారుతుంది.

ప్లగ్గు ఏ రకం? చైనాలో అమ్మడానికి చేసిన కార్లకు వేరే రకం ప్లగ్గు ఉంటుంది. అలాంటి కారును ఎవరైనా నేరుగా తెచ్చి చౌకగా అమ్మితే, ఇక్కడి ఛార్జర్లకు అది సరిపోకపోవచ్చు.

బ్యాటరీకి జామీను ఎవరిది? చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి. ఆ వారంటీ కువైట్‌లోని వకీల్ దగ్గర చెల్లుతుందా అని అడగాలి. కారులో అన్నిటికంటే ఖరీదైనది బ్యాటరీయే.

ఎండకు తట్టుకుంటుందా? 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. వేడికి బ్యాటరీ త్వరగా పాతబడుతుంది. ఏసీ కూడా బ్యాటరీ కరెంటునే వాడుకుంటుంది కాబట్టి, ఎండాకాలం కంపెనీ చెప్పినన్ని కిలోమీటర్లు రావు. బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు ఉందేమో అడగండి. ఫింటాస్ నుంచి కువైట్ సిటీకి పోయి రావడానికి సుమారు 60 కిలోమీటర్లు. రోజూ అంతే తిరిగేవాళ్లకు చాలా పెద్ద బ్యాటరీ అవసరమా? అదీ ఆలోచించండి.

మధ్యలో అమ్మాల్సి వస్తే? ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ఇక్కడ మనం ఉండేది ఇఖామా మీద. ఉద్యోగం పోతే ఇంటికి తిరిగి వెళ్లాల్సి రావచ్చు. అరవై నెలల కిస్తీల్లో ఇరవై నెలలే కట్టి ఉంటే, మిగతా నలభై బాకీనే. బాకీ తీర్చకపోతే కోర్టు మన ప్రయాణాన్ని ఆపించవచ్చు. అప్పుడు కారు అమ్మితే వచ్చే డబ్బు ఆ బాకీకి సరిపోతుందా? అందుకే అమ్మానాన్నలు కిస్తీ గురించి అన్నిసార్లు మాట్లాడుకుంటారు. ఊరికి పంపే డబ్బు, మీ స్కూలు ఫీజు, ఇంటి అద్దె, కారు కిస్తీ, అన్నీ ఒకే జీతంలోంచి రావాలి.

7. అభ్యాసం

అ) ఖాళీలు పూరించండి. (కిస్తీ, గిట్టదు, కొసరు, బాకీ)
1. "ఈ ధరకు ఇస్తే మాకు ______," అన్నాడు అంగడాయన.
2. టమాటాలు కొంటే పచ్చిమిరపకాయలు ______ వేశాడు.
3. నాన్న ప్రతి నెలా ఒకటో తేదీన ______ కడతారు.
4. ఇంకా పది నెలలు కడితే ______ తీరిపోతుంది.

ఆ) "-తే" లేదా "-కపోతే" వాడి పూర్తి చేయండి.
1. యజమాని (ఒప్పుకో) ______, ఛార్జరు బిగించలేం.
2. మీరు ఇంకొంచెం (తగ్గించు) ______, ఈరోజే బయానా ఇస్తాము.

ఇ) లెక్క వేయండి. మూడో షోరూమ్‌లో ముందు కట్టేది 1,000 దినార్లు. కిస్తీ నెలకు 180, మొత్తం 48 నెలలు. ఛార్జరుకు 250. ఇన్సూరెన్స్ కొసరు. మొత్తం ఎంత? రెండో షోరూమ్‌తో పోల్చి చూడండి. నెలనెలా జేజికి మందుల కోసం డబ్బు పంపే ఇంటికి ఈ రెండింటిలో ఏది నయం? ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి.

ఈ) ఇద్దరిద్దరుగా మాట్లాడండి. ఒకరు అమ్మేవాళ్లు, ఒకరు కొనేవాళ్లు. కొనేవాళ్లు ఒక్కసారైనా "కొంచెం తగ్గిస్తారా?" అనాలి, ఒక కొసరు అడగాలి, ఒకసారి "ఈరోజు కుదరదండీ" అనాలి.

ఉ) ఇంటి పని: ఊర్లో ఉన్న అవ్వకో తాతకో ఫోన్ చేసి, "మీరు బాగా బేరమాడి కొన్న వస్తువు ఏది? ఎంత చెప్తే ఎంతకిచ్చారు?" అని తెలుగులోనే అడగండి. వాళ్లు చెప్పిన వాటిలో మీకు కొత్తగా అనిపించిన మూడు మాటలు రాసుకొని, వచ్చే క్లాసులో చెప్పండి.

జవాబులు
అ) 1. గిట్టదు 2. కొసరు 3. కిస్తీ 4. బాకీ
ఆ) 1. ఒప్పుకోకపోతే 2. తగ్గిస్తే
ఇ) 1,000 + 8,640 + 250 = 9,890 దినార్లు. రెండో షోరూమ్ కంటే 10 దినార్లు తక్కువ, బాకీ ఏడాది ముందే తీరుతుంది. కిస్తీ మాత్రం నెలకు 35 దినార్లు ఎక్కువ. ఏది నయమో మీ ఇంటి లెక్కను బట్టి మీరే చెప్పండి.