మందు కొట్టే ముందు చేను చూడండి... ఫోటో తీయండి!

ఆరుద్ర కార్తెలో వాన పడ్డ మర్నాడు చెల్కలో ఎర్రగా, మఖమల్ బట్ట తొడుక్కున్నట్టు మెత్తగా పాకే పురుగును చూడనివారు మన సిద్దిపేట జిల్లాలో ఉండరు. అదే ఆరుద్ర పురుగు. దాన్ని ఎవరూ తొక్కరు, ఎవరూ చంపరు. పిల్లలు అరచేతిలో పెట్టుకుని ఆడుకుంటారు. మంచి వానలకు గుర్తని పెద్దలు సంతోషిస్తారు. ఇది రైతుకు మేలు కూడా చేస్తుంది. ఇతర పురుగుల గుడ్లను, చెదలను తింటుంది. దీని పిల్లలు మిడతల వంటి పురుగులను అంటుకుని రసం పీలుస్తాయి. అందరికీ తెలిసిన పురుగు కాబట్టి ఇది బతికిపోయింది. ఇలాగే మేలు చేసే మరెన్నో పురుగులు, మనకు పేరు తెలియక, పంపు మందుకు పోతున్నాయి.

అక్షింతల పురుగునే తీసుకోండి. ఎర్రని గుండ్రని వీపు మీద నల్లని చుక్కలతో ఉండే ఈ పురుగును చాలామంది గుర్తుపడతారు. దీని పిల్ల పురుగును మాత్రం పదిమందిలో ఒక్కరు గుర్తుపడితే గొప్ప. నల్లగా, పొడుగ్గా, పసుపు మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది. ఆరు కాళ్లతో ఆకు మీద గబగబా తిరుగుతుంది. చూడగానే 'ఇదేదో కొత్త పురుగు పడ్డది' అని భయపడి, అగ్గిపెట్టెలో వేసుకుని మందుల దుకాణానికి పోతారు. దుకాణంలో అడిగితే మందు ఇస్తారు గానీ, వద్దని ఎందుకు చెబుతారు? ఆ మందుతో పేనుబంకను తినే సైన్యం చచ్చిపోతుంది. పేనుబంక పది రోజుల్లో మళ్లీ వస్తుంది, అక్షింతల పురుగు అంత తొందరగా రాదు. అప్పుడు రెండో మందు, మూడో మందు. అప్పు అట్లనే పెరుగుతుంది.

ఇంకొకటి. ఆకు మీద వెంట్రుకలంత సన్నని కాడలు నిలబడి, ఒక్కో కాడ చివర తెల్లని చుక్క ఉంటుంది. ఇది బూజు తెగులు కాదు. లేత ఆకుపచ్చ శరీరం, అద్దంలాంటి రెక్కలు గల క్రైసోపా అనే పురుగు పెట్టిన గుడ్లు. వీటి పిల్లలు కూడా పేనుబంకనూ, పచ్చదోమ పిల్లలనూ తింటాయి. అలాగే చచ్చిన గొంగళి పురుగు పక్కన బియ్యపు గింజల్లా తెల్లని గూళ్లు కనిపిస్తే చిదమకండి. అవి ఆ పురుగును లోపలి నుంచి తిని బయటికొచ్చిన చిన్న కందిరీగల గూళ్లు.

ఎట్లా చూడాలె?

గట్టు మీద నిలబడి చూస్తే చేను తెలియదు. వారానికి ఒకసారి పొద్దుగాల చేనులోకి దిగి, అంచు సాళ్లు వదిలేసి, అడ్డదిడ్డంగా నడుస్తూ ఐదు చోట్ల ఆగండి. ఒక్కో చోట నాలుగు మొక్కలు, మొత్తం ఇరవై. ఆకు తిప్పి అడుగు భాగం చూడాలి, ఎందుకంటే పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక ఎక్కువగా అక్కడే ఉంటాయి. పత్తిలో పచ్చదోమ పిల్లలు ఆకుకు సగటున రెండు దాటితేనే మందు గురించి ఆలోచించాలి. శత్రు పురుగులతో పాటు మిత్ర పురుగులనూ లెక్కపెట్టండి. రెండు శత్రువులకు ఒక మిత్రుడు ఉన్నా సాధారణంగా మందు అక్కర పడదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఇచ్చే శిక్షణలో ఈ లెక్కకు పెద్ద పీట వేస్తారు.

వరిలో మరింత జాగ్రత్త కావాలి. 2020లో రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్‌లకు నీళ్లు వచ్చాక మన దగ్గర యాసంగిలో కూడా వరి బాగా పెరిగింది. వరితో పాటు సుడిదోమ భయమూ పెరిగింది. సుడిదోమ ఆకు మీద కనబడదు. దుబ్బును చేతితో పక్కకు వంచి, నీటి మట్టం పైన కాండం మొదట్లో చూడాలి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిన తర్వాత 20 నుంచి 25 దోమలుంటే మందు తప్పదు. అంతకు తక్కువ ఉంటే, అక్కడ ఇంకెవరున్నారో చూడండి. వీపు మీద కవటం లాంటి చీలిక గుర్తుతో నీటి మీద కూడా పరుగెత్తే సాలీడు రోజుకు 5 నుంచి 15 దోమలను తింటుంది. ఆకుపచ్చగా, సన్నగా, తల దగ్గర నల్లగా ఉండి చురుగ్గా తిరిగే మిరిడ్ నల్లి దోమ గుడ్లను పీల్చేస్తుంది. దీన్ని కూడా దోమే అనుకుని లెక్కలో కలిపేవారున్నారు.

ఈ పాఠం ఇండోనేషియా దేశం చాలా నష్టపోయి నేర్చుకున్నది. అక్కడ ప్రభుత్వమే రాయితీ ఇచ్చి వరికి మందులు కొట్టించింది. సాలీళ్లు, నల్లులు చచ్చాయి, సుడిదోమ లక్షల ఎకరాలు ఎండబెట్టింది. చివరికి 1986లో వరి మీద 57 రకాల పురుగు మందులను ఆ దేశం నిషేధించింది. 1989 నుంచి రైతులను పొలంలోనే కూర్చోబెట్టి పురుగులను గుర్తుపట్టడం నేర్పింది. మన ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ శాఖ నడిపిన 'పొలంబడి' కూడా ఆ బాటలో వచ్చిందే. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు కొడితే వరిలో సుడిదోమ తగ్గకపోగా ఎగదన్నుతుందని శాస్త్రజ్ఞులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. అయినా దుకాణంలో ధర తక్కువని అవే తెచ్చేవారున్నారు.

మనకు ఇండోనేషియా దాకా పోనక్కర కూడా లేదు. 1997-98లో పక్కనున్న ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తికి లద్దె పురుగు, శనగపచ్చ పురుగు పడితే రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు. అప్పులతో రైతులే పురుగుల మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. అదే ప్రాంతంలో, ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనెబావి అనే చిన్న ఊరు తర్వాత రసాయన మందులు పూర్తిగా మానేసి సాగు చేసి చూపింది. అందరూ అంత దూరం పోలేకపోవచ్చు. ఒక్క అనవసరపు మందు మానుకున్నా ఆ డబ్బు ఇంట్లో ఉంటుంది.

ఫోటో ఎట్లా తీయాలె?

ఇప్పుడు ఇంట్లో కొడుకు దగ్గరో బిడ్డ దగ్గరో కెమెరా ఉన్న ఫోను ఉంటున్నది. పెండ్లిళ్లలో ఎన్ని ఫోటోలు తీస్తారో, చేనుకు అందులో పదో వంతు తీసినా చాలు. అయితే మసక ఫోటో పంపి 'ఇదేం పురుగు సార్' అంటే ఏ అధికారీ చెప్పలేడు.

పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు తీయండి. చల్లదనానికి పురుగులు మందంగా ఉంటాయి, తొందరగా ఎగరవు. మీ నీడ పురుగు మీద పడకుండా నిలబడాలి. ఫోనులో బొమ్మను పెద్దది చేసి తీయకండి, ఫోనునే జానెడు దూరానికి తీసుకుపోయి, తెర మీద పురుగు ఉన్న చోట వేలితో తాకి, బొమ్మ తేటపడ్డాక తీయండి. గాలికి ఆకు ఊగితే కాడను రెండో చేత్తో పట్టుకోండి. పురుగు మరీ చిన్నదైతే బడిపిల్లల భూతద్దాన్ని కెమెరా కన్నుకు ఆనించి తీస్తే బాగా వస్తుంది. పక్కన రూపాయి బిళ్లో అగ్గిపుల్లో పెడితే పురుగు ఎంత ఉందో తెలుస్తుంది. ఒక్కటి కాదు, మూడు తీయాలి. మొక్క మొత్తం ఒకటి, దెబ్బతిన్న భాగం ఒకటి, పురుగు దగ్గరగా ఒకటి. విత్తి ఎన్ని రోజులైంది, ఇంతకు ముందు ఏ మందు కొట్టారు అన్నదీ కలిపి పంపండి. మందు కొట్టిన చేనులోకి అదే రోజు ఫోటో కోసం దిగవద్దు.

మక్క చేనులో ఏ గుర్తు పట్టాలో తెలిస్తే ఫోటో మరీ ఉపయోగం. కత్తెర పురుగు మన దేశంలో 2018లో మొదట కర్ణాటకలో కనిపించి, ఆ ఏడే తెలంగాణకు పాకింది. దీని తల మీద తలకిందులైన ఇంగ్లీషు 'వై' అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లని చుక్కలు ఉంటాయి. కాబట్టి తలా, తోకా రెండూ ఫోటోలో పడాలి. పత్తిలో విచ్చుకోని గుడ్డి పూలను విప్పి చూడండి. లోపల గులాబీ రంగు పురుగు పిల్ల ఉంటే తీయండి. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రోజులు రోజుకు ఎనిమిది రెక్కల పురుగులు పడితే మందు వేళ అయినట్టే.

ఫోటోలను మీ రైతు వేదికలోని వ్యవసాయ విస్తరణాధికారికి చూపండి. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 ఆగస్టు 15న ఫోటో ద్వారా చీడలను గుర్తించే ఎన్‌పిఎస్‌ఎస్ యాప్‌ను తెచ్చింది. యాప్ చెప్పిందని వెంటనే పంపు ఎత్తవద్దు, అధికారితో ఒకసారి సరిచూసుకోండి. ఫోటో తీయరాని వారు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఉచితంగా ఫోన్ చేసి పురుగు ఎట్లుందో చెప్పవచ్చు.

పిట్టల సంగతి

పిట్టలకు ఫోటో కన్నా చూపే ముఖ్యం. దగ్గరికి పోతే ఎగిరిపోతాయి. 1931-32లో పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల లెక్క తీశారు. పొలాల్లో ఏ పిట్ట ఏమి తింటుందో అన్నది ఆయనకు ఎప్పుడూ ఆసక్తే. తోక చీలిన నల్లని ఏట్రింత, దున్నేటప్పుడు వెంట వచ్చే కొంగ, గోరింక, అన్నీ పురుగులు ఏరుకునేవే. దసరా నాడు చూసి దండం పెట్టే పాలపిట్ట, మిగతా రోజుల్లో మిడతలను, లద్దె పురుగులను తింటుంది. ఏడాదికి ఒక్కరోజు దండం, మిగతా రోజులు దాని మేత మీద విషం అంటే న్యాయం కాదు.

ఎకరాకు పదిహేను చొప్పున 'టి' ఆకారపు కర్రలు లేదా ఎండు కొమ్మలు పైరు కన్నా మూరెడు ఎత్తుగా పాతండి. ఖర్చేమీ లేదు. పిట్టలు వాటి మీద వాలి పురుగులను ఏరుకు తింటాయి. వరి, జొన్నల్లో గింజ పాలు పోసుకునే దశ రాగానే ఈ కర్రలు తీసేయాలి. లేకుంటే పురుగుల కోసం వచ్చే ఏట్రింతతో పాటు గింజ కోసం పిచ్చుకలు, గిజిగాళ్లు కూడా వాటి మీదే వాలతాయి.