ముందు నీటి లెక్క, తర్వాతే మొక్క

జువాలజీలోనో ఫిషరీస్‌లోనో డిగ్రీ చేసి, ఒమన్‌లోని రుస్తాఖ్ ఖర్జూర తోటల్లోనో కాంట్రాక్టు కంపెనీల్లోనో కుదురుకున్న మన పిల్లలకు ఈ నాలుగు మాటలు. నది సముద్రంలో కలిసేచోట చేపలకూ ఆల్చిప్పలకూ పాడైపోయిన నెలవును మళ్ళీ నిలబెట్టడం ఇవాళ ఒక వృత్తి. మీ చదువు అక్కడ పనికొస్తుంది.

అమెరికాలో హడ్సన్ మొగ దగ్గర స్టర్జన్ చేప కోసం, ఆల్చిప్పల దిబ్బల కోసం ఈ పని సాగుతోంది. స్టర్జన్ కూడా మన పులసలాగే సముద్రంలో పెరిగి, నదికి ఎదురీది గుడ్లు పెడుతుంది. ఒమన్‌లో స్టర్జన్ లేదు. ఇక్కడి ఖోర్లలో, అంటే తీరంలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో, మడచెట్లున్నాయి, అవీ ఒక్క జాతివే: అవిసెన్నియా మెరీనా.

మడ అనగానే మొక్కలు నాటడమే గుర్తొస్తుంది. కానీ మన కోరింగ మడ అడవి చరిత్ర చూడండి. పోటునీరు అందక ఉప్పు పేరుకుపోయిన నేలలో మొక్క బతకదు. అందుకే 1990ల చివరి నుంచి స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ కలిసి అక్కడ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. పోటుకు నీరు లోపలికొచ్చి, ఆటుకు ఉప్పును కడుక్కుని వెళ్ళేలా చేశాకే మొక్కలు నాటారు. ఆల్చిప్పలదీ అదే వరస. వాటి పిల్లలు రెండుమూడు వారాలు నీటిలో తేలి, గట్టి గుల్ల దొరికితే అతుక్కుంటాయి. అడుగంతా మెత్తని బురదైతే, మీరు వేసిన గుల్లలే అందులో కూరుకుపోతాయి.

కాబట్టి ముందుగా నేర్వాల్సింది కొలవడం. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజుపలకను తుడిచి, డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి, గీత సున్నా మీద నిలిచిందో లేదో చూడండి. తర్వాతే ఖోరు నీటి చుక్క. పోటులో ఒకసారి, ఆటులో ఒకసారి. తేదీ, గంట, చోటు, నీటి వేడి, ఉప్పదనం అక్కడికక్కడే రాసుకోవాలి. గదికొచ్చి గుర్తు తెచ్చుకుని రాసింది లెక్కలోకి రాదు.

సాధనకు రుస్తాఖ్ మంచి చోటు. ఫలజ్ అంటే ఒమన్ సంప్రదాయ నీటికాలువ. 2006లో యునెస్కో జాబితాకెక్కిన అయిదు ఫలజ్‌లలో ఫలజ్ అల్ ముయస్సర్ ఇక్కడిదే. నీటిని గంటల వంతున పంచుకునే ఆ పద్ధతిని తోటల పెద్దలను అడిగి తెలుసుకోండి. బాతినా తీరంలో బావులు తోడీ తోడీ సముద్రపు ఉప్పు భూగర్భజలంలోకి ఎలా చొరబడిందో కూడా అడగండి. వాగు ఎగువన జరిగేదే ఖోరులో తేలుతుంది.

సెలవునాడు కొలతల కోసం ముసన్నా, బర్కా తీరాలకు వెళ్ళవచ్చు. రక్షిత ప్రాంతాల్లోకి మాత్రం పర్యావరణ సంస్థ అనుమతి లేకుండా అడుగుపెట్టకండి. ఈ పనిలోకి మారాలనుకుంటే ఒక జాగ్రత్త: అర్బాబ్ (వీసా ఇచ్చిన యజమాని) ఒకరై, అనుమతి లేకుండా జీతం ఇంకొకరి దగ్గర తీసుకుంటే చట్టం ఒప్పుకోదు. ఉద్యోగం మారాలంటే కాగితాల మీదే మారండి. డిగ్రీ అటెస్టేషన్ ఇప్పుడే చేయించి పెట్టుకోండి. పైచదువు ఆలోచన ఉంటే ఆంధ్రలో ముత్తుకూరు ఫిషరీస్ కళాశాల, మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ ఉన్నాయి.

ఇంటర్వ్యూలో ఎన్ని మొక్కలు నాటామో చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. మూడేళ్ళ తర్వాత ఎన్ని నిలిచాయో, ఎందుకు నిలిచాయో చెప్పగలిగినవారే ఈ పనికి కావాలి. మీ కొలతల పుస్తకం వెంట తీసుకెళ్ళండి.