కిరణ చికిత్స - ఎముకల రక్షణకు మొక్కల ఔషధాలు

కాన్సరును అణచడంలో కిరణ చికిత్సకు ప్రముఖ స్థానం కలదు. అయితే కిరణాలకు రోగకణమేదో, ఆరోగ్యకణమేదో తెలియదు. వాటి మార్గంలో ఉన్న ఎముక కూడా దెబ్బ తింటుంది. నోటి కాన్సరుకు చికిత్స పొందినవారిలో దవడ ఎముక, గర్భాశయ ముఖద్వార కాన్సరుకు చికిత్స పొందినవారిలో కటి ఎముక ఇందుకు గురి కావచ్చు. పొగాకు నమలే అలవాటు విస్తరించిన మన దేశంలో నోటి కాన్సరు ఎక్కువ. కనుక ఈ సమస్య మనకు దూరమైనది కాదు.

నష్టం ఎట్లా కలుగుతుంది?

ఎముక జడపదార్థం కాదు. పాత భాగాన్ని కరిగించే కణాలు, కొత్త భాగాన్ని నిర్మించే కణాలు అందులో నిరంతరం పనిచేస్తుంటాయి. కిరణాలు శరీరంలోని నీటి అణువులను చీల్చినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ వంటి అతిచురుకైన శకలాలు పుడతాయి. ఇవి కణాలలోని డి.ఎన్.ఎ.ను గాయపరుస్తాయి. క్రమంగా నిర్మాణ కణాలు తగ్గి, సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. 1983లో అమెరికా శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్ దవడ ఎముకకు కలిగే ఈ స్థితిని రక్తనాళాల కొరత, జీవకణాల కొరత, ప్రాణవాయువు కొరత అనే మూడు లోపాలుగా వివరించారు. అటువంటి ఎముకలో పన్ను తీసిన చిన్న గాయమైనా మానకపోవచ్చు.

మొక్కలలో అన్వేషణ

ఆ శకలాలను పుట్టినచోటనే అణచగలిగితే నష్టం తగ్గుతుంది. అమెరికా సైనిక పరిశోధకులు రూపొందించిన అమిఫాస్టిన్ ఈ పని చేస్తుంది. కాని దానివల్ల వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి ఇబ్బందులు కలుగుతాయి. అందుచేత శాస్త్రవేత్తల దృష్టి మొక్కలపైకి మళ్లింది.

మణిపాల్‌లోని కస్తూర్బా వైద్య కళాశాలలో 1990 దశకంలో పి. ఉమాదేవి, ఆమె సహచరులు తులసి ఆకులలోని ఓరియెంటిన్, విసెనిన్ అనే పదార్థాలను చుంచెలుకలపై పరీక్షించారు. వీటిని ముందుగా ఇచ్చినప్పుడు ఎముక మూలుగలోని క్రోమోజోములకు కిరణాలవల్ల కలిగే నష్టం తగ్గింది. హిమాలయ ప్రాంతాలలో పెరిగే సీబక్‌థార్న్ పండ్ల సారాన్ని ఢిల్లీలోని అణువైద్య పరిశోధకులు ఇదే విధంగా పరిశీలించారు. ద్రాక్ష తోలులోని రెస్వెరాట్రాల్, పసుపులోని కర్క్యుమిన్ కూడా పరిశోధనలో ఉన్నాయి.

మిగిలిన పరీక్షలు

మూలుగను కాపాడిన పదార్థం గట్టి ఎముకనూ కాపాడుతుందని వెంటనే చెప్పరాదు. చుంచెలుకలో కనిపించిన ఫలితం మనిషిలోనూ రుజువు కావాలి. ఔషధం తగిన మోతాదులో ఎముకను చేరాలి. కర్క్యుమిన్ పేగులనుండి రక్తంలోకి అతి స్వల్పంగా చేరుతుంది. మిరియాలలోని పైపరిన్‌తో కలిపి ఇస్తే మనుషులలో దాని లభ్యత సుమారు 20 రెట్లు పెరిగినట్లు బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో చూపారు. అన్నింటికన్న ముఖ్యం మరొకటి ఉంది: ఎముకను కాపాడే మందు కాన్సరు కణాన్ని కూడా కాపాడరాదు. అట్లా జరిగితే చికిత్స ఉద్దేశమే దెబ్బ తింటుంది.

కనుక కూరలో వేసే పసుపు వేరు, మందు మోతాదులో మింగే సారం వేరు. చికిత్స కాలంలో మూలికా గుళికలను వైద్యునికి చెప్పకుండా వాడరాదు. ప్రస్తుతానికి నోటి కాన్సరు రోగికి నమ్మదగిన రక్షణ సులభమైనదే. కిరణ చికిత్సకు ముందే దంతవైద్యునిచేత పరీక్ష చేయించుకోవాలి. పాడైన పళ్లను ముందే తీయించి, గాయం మానిన తరువాతనే చికిత్స ఆరంభించాలి. పొగాకును పూర్తిగా విడనాడాలి. మొక్కలు ఇస్తున్న ఆశ పరీక్షలకు నిలిచిననాడు ఈ జాగ్రత్తలకు అది తోడవుతుంది.