మాజీ సైనికుల వైద్య సదుపాయములు: హక్కులు, పత్రములు

సైన్యములో ఉద్యోగము చేయుచున్నంత కాలము సైనికుడు తన వైద్యమును గూర్చి విచారింపవలసిన పని లేదు. జ్వరము వచ్చినచో రెజిమెంటు డాక్టరు చూచును. గాయము తగిలినచో సైనిక ఆసుపత్రికి చేర్చుదురు. భార్యాబిడ్డలకును అచటనే చికిత్స జరుగును. నంబరు వ్రాసిన ఇనుపపెట్టెతో ఊరి స్టేషనులో దిగిన నాటినుండి ఈ పరిస్థితి మారును. జవాను సామాన్యముగా నలువది ఏండ్లకు కొంచెము అటునిటుగా ఇల్లు చేరును. అప్పటికి ఒంట్లో సత్తువ తగ్గి యుండదు గనుక వైద్యమును గూర్చిన కాగితములను పెట్టె అడుగున పెట్టి మరచుట కలదు. రక్తపుపోటు, మధుమేహము, మోకాళ్ల నొప్పులు, తుపాకీ మోతలచే మందగించిన చెవి - ఇవి పది పదునైదేండ్ల తరువాత బయటపడును. అప్పుడు ఆ కాగితములు కావలసివచ్చును. ఒక్కొక్కప్పుడు అప్పటికి ఆ మనిషే ఉండడు. వానిని వెదకవలసినది అతని భార్య.

పూర్వము మాజీ సైనికునకు సైనిక ఆసుపత్రియే దిక్కు. అదియును పడకలు ఖాళీగా ఉన్నప్పుడు, మందులు మిగిలినప్పుడు మాత్రమే. తెలుగునాట సికిందరాబాదులో సైనిక ఆసుపత్రి, విశాఖపట్టణములో నౌకాదళమువారి కల్యాణి ఆసుపత్రి ఉన్నవి. వానికి సమీపమున నివసించువారికి కొంత మేలు జరిగినది గాని, దూరపు పల్లెలలోని వృద్ధునకు ఆ ఆసుపత్రి గేటు చూచుటయే గగనమయ్యెడిది. ఈ లోపమును పూరించుటకై కేంద్ర ప్రభుత్వము 2002 డిసెంబరు 30వ తేదీన ఒక పథకమును మంజూరు చేసినది. 2003 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చినది. మాజీ సైనికుల చందా ఆరోగ్య పథకమని దాని పేరునకు అర్థము. ఇంగ్లీషు అక్షరములతో ఇ.సి.హెచ్.ఎస్. అనియే అందరును వ్యవహరింతురు. ఇది ఆరోగ్య శాఖ క్రిందిది కాదు. రక్షణ మంత్రిత్వ శాఖయందలి మాజీ సైనికుల సంక్షేమ విభాగము దీనిని నడపుచున్నది. అందుచేతనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున దీనిని గూర్చి అడిగినచో తరచుగా సరియైన జవాబు లభింపదు. అది అచటివారి తప్పు కాదు.

ఎవరికి వర్తించును?

మొదటి ప్రశ్న ఇదియే. చిక్కులన్నియు ఇచటనే మొదలగును. సైన్యములో పనిచేసినంత మాత్రమున ఈ పథకమునందు సభ్యత్వము రాదు. మాజీ సైనికుడై ఉండుటతో పాటు సామాన్యముగా పెన్షను పొందుచుండవలెను. అది సర్వీసు పెన్షను కావచ్చును, వైకల్య పెన్షను కావచ్చును. భర్త మరణించినచో భార్య పొందు కుటుంబ పెన్షను కావచ్చును. జవానుకు సర్వీసు పెన్షను రావలెనన్న పదునైదేండ్లు, ఆఫీసరునకు ఇరువదేండ్లు సేవ నిండవలెను. అంతకు ముందుగా విడిచివచ్చిన ఆఫీసర్లలో షార్టు సర్వీసు కమిషన్ వంటి కొన్ని వర్గములకు 2019లో వేరు ఉత్తర్వుద్వారా అవకాశము కల్పింపబడినది. పెన్షను లేని జవాను మాత్రము ఈ పథకమునకు వెలుపలనే నిలుచును. అట్టివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చు వైద్య సహాయమునకు దరఖాస్తు చేయవచ్చును. ఈ సహాయపు మొత్తములు అప్పుడప్పుడు మారుచుండును గనుక వానిని ఆ కార్యాలయమునందే విచారించుట మంచిది.

సభ్యునితో పాటు భార్యకు లేక భర్తకు, ఆధారపడిన సంతానమునకు, ఆధారపడిన తల్లిదండ్రులకు చికిత్స లభించును. కుమారునకు ఇరువదియైదేండ్లు నిండువరకు గాని, సంపాదనలో పడువరకు గాని, వివాహము అగువరకు గాని, ఏది ముందు వచ్చునో అంతవరకే. కుమార్తెకు వయఃపరిమితి లేదు. వివాహమగువరకు లేక ఉద్యోగము దొరకువరకు ఆమె అర్హురాలు. శాశ్వత వైకల్యము గల సంతానమునకు వయస్సుతో నిమిత్తము లేదు. తల్లిదండ్రుల విషయమున ఇరువురి ఆదాయము కలిపి నెలకు 9,000 రూపాయలు, దానిపై కరవు భత్యము, ఈ మొత్తమునకు మించరాదు. రెండెకరముల కౌలు వచ్చుచున్నదని భయపడి తల్లి పేరు వ్రాయింపని సైనికులు కలరు. లెక్క చూచుకొనక మానుట తగదు.

చందా ఒక్కసారి చెల్లించిన చాలును, ఏటేటా కట్టనక్కరలేదు. 2017 డిసెంబరు 29 నుండి అమలైన రేట్ల ప్రకారము రిక్రూటు మొదలు హవల్దారు వరకు 30,000 రూపాయలు, నాయబ్ సుబేదారు మొదలు సుబేదారు మేజరు వరకు 67,000 రూపాయలు, ఆఫీసర్లకు 1,20,000 రూపాయలు. యుద్ధ వితంతువులు చందా చెల్లింపనక్కరలేదు. 2003 ఏప్రిల్ 1 తరువాత రిటైరైనవారికి సభ్యత్వము నిర్బంధము. చేరునాటికి ఏ వ్యాధి యున్నను, ఎంత వయస్సున్నను నిరాకరింపరు. చికిత్స వ్యయమునకు ఇంత అను పరిమితియు లేదు. భీమా కంపెనీల పాలసీలకును దీనికిని గల ముఖ్యమైన తేడా ఇదియే. ఈ తేడా తెలియక వేలకు వేలు ప్రీమియము కట్టుచున్న కుటుంబములున్నవి.

వ్యాధి వచ్చినప్పుడు

దేశమునందు నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్కులు ఉన్నవి. సికిందరాబాదు, విశాఖపట్టణము, గుంటూరు, ఖమ్మము, కరీంనగరము, కడప వంటి పట్టణములలో ఇవి పనిచేయుచున్నవి. చిన్న జబ్బులకు మందులు అచటనే ఇత్తురు. పెద్ద చికిత్స కావలసినచో పాలీక్లినిక్కు డాక్టరు రిఫరల్ పత్రము వ్రాసి, పథకముతో ఒప్పందము గల ప్రైవేటు ఆసుపత్రికి గాని సైనిక ఆసుపత్రికి గాని పంపును. ఈ పత్రముతో, కార్డుతో వెళ్లినవారినుండి అనుమతించిన చికిత్సకు ఒప్పంద ఆసుపత్రి సొమ్ము అడుగరాదు. బిల్లు నేరుగా ప్రభుత్వమునకు పోవును. అయితే బిల్లుల చెల్లింపు ఆలస్యమగుటచే కొన్ని ఆసుపత్రులు రోగిని చేర్చుకొనుటకు వెనుకంజ వేయుట కలదు. అట్టి సందర్భమున వాదనకు దిగి కాలము గడపుటకంటె వెంటనే పాలీక్లినిక్కు అధికారికి తెలిపి వేరొక ఆసుపత్రికి పత్రము మార్పించుకొనుట రోగికి క్షేమము.

మరి అర్ధరాత్రి గుండెపోటు వచ్చినచో? రిఫరల్ పత్రమునకై తెల్లవారువరకు కాచుకొనవలెనా? అక్కరలేదు. ప్రాణాపాయ స్థితిలో ఏ ఆసుపత్రి దగ్గరనున్నదో దానికే పోవలెను. అది ఒప్పంద ఆసుపత్రియైనచో కార్డు చూపిన చాలును. పాలీక్లినిక్కునకు తెలియజేయు భారము ఆసుపత్రిదే. ఒప్పందము లేని ఆసుపత్రియైనచో రోగి కుటుంబము 48 గంటలలోపుగా సమీపమునందలి పాలీక్లినిక్కునకు కబురు చేయవలెను. ముందుగా బిల్లు చేతినుండి చెల్లించి, తరువాత తిరిగి పొందవలెను. కట్టిన సొమ్మంతయు రాదు. ప్రభుత్వము నిర్ణయించిన రేట్ల ప్రకారమే వచ్చును. లక్ష రూపాయల బిల్లులో సగము తిరిగి వచ్చినదని మోసపోయినట్లు భావించువారు అనేకులు. ఇది మోసము కాదు, నియమము. దీనిని ముందే ఎరిగి, రోగి కుదుటపడగనే ఒప్పంద ఆసుపత్రికి మార్చుకొనినచో ఆ నష్టము చాలవరకు తగ్గును. బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ప్రాణాపాయ స్థితిలో చేర్చితిమను డాక్టరు ధ్రువపత్రము అసలు ప్రతులుగా భద్రపరచవలెను.

మరియొక ప్రశ్న ఇటీవల వినవచ్చుచున్నది. 2024 అక్టోబరు 29న డెబ్బదియేండ్లు దాటిన వృద్ధులందరికిని ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు చికిత్స ప్రకటింపబడినది. ఇ.సి.హెచ్.ఎస్. సభ్యులు రెండింటిలో ఏదో ఒకదానిని ఎన్నుకొనవలెను, రెండును కుదరవు. పరిమితి లేని సదుపాయము చేతిలోనుండగా పరిమితి గల దానికి మారుటకు ముందు పెద్దలు రెండు మారులు ఆలోచించుట మంచిది.

రికార్డులో లేని పేరు

ఇంతవరకు చెప్పినదంతయు కార్డు ఉన్నవారికి. కార్డు రాకపోవుటకు తరచుగా కారణము వ్యాధియు కాదు, చందాయు కాదు, ఒక పేరు.

తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. రికార్డు కార్యాలయములా, దేశమంతట చెదరియున్నవి: ఫిరంగిదళమువారిది నాసికులో, మద్రాసు రెజిమెంటుది వెల్లింగ్టనులో, ఇ.ఎం.ఇ. దళముది సికిందరాబాదులో. పెండ్లియైన తరువాత సైనికుడు సెలవునుండి తిరిగి వచ్చి భార్య పేరు వ్రాయించును. గుమాస్తా విన్నట్లు వ్రాయును. డిశ్చార్జి బుక్కులో 'లక్ష్మి', ఆధారు కార్డులో 'వెంకటలక్ష్మమ్మ', బ్యాంకు పాసుబుక్కులో ఇంటిపేరుతో సహా మరియొకటి. పుట్టిన తేదీలు మూడును మూడు విధములు. భర్త జీవించియున్నంతవరకు ఇది ఎవరికిని పట్టదు. పెన్షను అతని పేరనే వచ్చుచుండును. అతడు పోయిన పిమ్మట ఈ ముగ్గురు స్త్రీలు ఒక్కరే యని ఆమె రుజువు చేసికొనవలసియుండును. కుటుంబ పెన్షను నిలిచిపోవును. వైద్య సభ్యత్వము ఆ పెన్షనునకు ముడిపడియున్నది గనుక చికిత్సయు అందుబాటులో లేకపోవును. అప్పటికే ఆమె స్వయముగా రోగిష్ఠి కావచ్చును.

ఇది జరుగకుండుటకు మార్గము సైనికుని చేతిలోనే, అతడు బ్రతికియుండగనే ఉన్నది. డిశ్చార్జి బుక్కును, పెన్షను ఆర్డరును, ఆధారును ఒకచోట పెట్టుకొని భార్యాబిడ్డల పేర్లను, జన్మదినములను అక్షరమక్షరము సరిచూడవలెను. తేడా కనిపించినచో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా రికార్డు కార్యాలయమునకు దరఖాస్తు పెట్టవలెను. వివాహ ధ్రువపత్రము, అఫిడవిట్టు వంటివి జత చేయవలసివచ్చును. బిడ్డలు పుట్టినప్పుడు, సేవలోనుండగనే పేర్లు నమోదు చేయించుట అన్నిటికంటె తేలిక. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము వంటి గ్రామములలో, మిలిటరీ మాధవరమని పేరుపడునంతగా తరతరములుగా సైన్యమునకు పోయినవారు ఉన్నచోట, ఇరుగుపొరుగు ఇట్టి సంగతులు చెప్పుకొందురు. ఊరికొక్క సైనికుడున్నచోట ఆ ఇల్లాలికి చెప్పువారెవరు? కాగితములు ఎచట ఉన్నవో, సైనిక సంక్షేమ కార్యాలయము ఎచటనున్నదో ఆమెకు భర్తయే చూపించియుండవలెను. ఒకసారి వెంటబెట్టుకొని పోయి చూపుట మరియు మంచిది. భర్త గతించిన పిమ్మట ఆమె కొత్తగా చందా కట్టనక్కరలేదు. కుటుంబ పెన్షను మంజూరు కాగితముతో పాలీక్లినిక్కునకు తెలిపి, తన పేరిట కార్డు మార్పించుకొనవలెను.

వైకల్య పెన్షను

సేవనుండి విడుదలయగునప్పుడు ప్రతి సైనికుని వైద్యుల బోర్డు పరీక్షించును. మనస్సు, వినికిడి, కాలుసేతులు, దేహస్థితి, చూపు - ఈ ఐదింటిని 'షేప్' అను ఇంగ్లీషు మాటలోని అక్షరములతో గుర్తించి శ్రేణులు వ్రాయుదురు. ఇంటికి పోవు తొందరలో నొప్పిని దాచి 'అంతయు బాగున్నది' అని సంతకము చేసినవాడు తరువాత ఏమి చెప్పినను, ఆ సంతకమే అతనికి ఎదురు నిలుచును. వ్యాధి సేవ వలన కలిగినదనియో, సేవ వలన పెరిగినదనియో తేలినచో, వైకల్యము సామాన్యముగా 20 శాతమునకు తగ్గనిచో, పెన్షనునకు అదనముగా వైకల్య భాగము లభించును.

బోర్డు 'సేవకు సంబంధము లేదు' అని వ్రాసినంతనే ఆశ వదలుకొనరాదు. 2013లో ధరంవీర్ సింగ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఒక ముఖ్యమైన సూత్రమును నిలిపినది: చేరునాటి రికార్డులో వ్యాధి ఏదియు వ్రాసియుండనిచో సైనికుడు ఆరోగ్యవంతుడుగా చేరినాడనియే భావింపవలెను, తరువాత వచ్చిన వ్యాధి సేవకు సంబంధింపదని నిరూపించు భారము ప్రభుత్వముపై ఉండును. 2014లో రామ్ అవతార్ వ్యాజ్యపు తీర్పు, శాతమును పై అంచెకు సరిచేయు సదుపాయమును, పూర్తికాలము పనిచేసి రిటైరైనవారికిని వర్తింపజేసినది. దాని ప్రకారము 20 నుండి 50 శాతము లోపు వైకల్యమును 50గాను, 50 నుండి 75 వరకు గలదానిని 75గాను, ఆపై దానిని 100గాను లెక్కింతురు. అయితే 2023 సెప్టెంబరు 21 నుండి కొత్త నియమావళి అమలులోనున్నది. ఆ తేదీ తరువాత విడుదలైనవారు పాత తీర్పులను మాత్రమే నమ్ముకొనక ఆ నియమావళిని చూపించుకొని సలహా తీసికొనవలెను.

తిరస్కరణ ఉత్తరువు వచ్చినచో మొదట శాఖలోనే అప్పీలు చేసికొనవలెను. అచటను ఫలితము లేనిచో 2007 నాటి చట్టముచే ఏర్పడిన సాయుధ దళముల ట్రిబ్యునల్ ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారికి దాని చెన్నై బెంచి వర్తించును. తుది ఉత్తరువు అందిన ఆరు నెలలలోపుగా అచట దరఖాస్తు చేయవలెను. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నింపవచ్చును. ఏండ్ల తరబడి ఊరకుండి తరువాత గెలిచినవారికి మాత్రము బకాయి అంతయు రాదు. 2008లో తర్సేమ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పిన ప్రకారము, సామాన్యముగా వ్యాజ్యము వేసిన తేదీకి ముందు మూడేండ్ల బకాయి మాత్రమే చేతికి వచ్చును.