మేనకోడలికి: ‘నార్తాంగర్ ఆబీ’ మరల చదివి

చిరంజీవి శారదకు,

నేను నీ యీడున మురిసిపోయి చదివిన ‘నార్తాంగర్ ఆబీ’ నీకు చప్పగా తోచెననియు, అందలి హాస్యమునకు కాలము చెల్లినదేమోయనియు వ్రాసితివి. నీ జాబు అందిన పిమ్మట దానిని ఆమూలాగ్రము మరల చదివితిని. నీ మాట కొంత సత్యమే. ఆ శంక మొదట కలిగినదియు రచయిత్రికే. జేన్ ఆస్టెన్ దీనిని 1803లో ఒక పుస్తకవిక్రేతకు 10 పౌనులకు అమ్మగా, అతడు అచ్చొత్తింపక మూల పడవైచెను. 1816లో ఆ పైకమే చెల్లించి విడిపించుకొనిన పిదప ఆమె వ్రాసిన విజ్ఞప్తిలో, ఈ పదుమూడేండ్లలో ఊళ్లును ఆచారములును పుస్తకములును మారిపోయినవి గావున కొన్ని భాగములు పాతబడి యుండునని పాఠకులకు మనవి చేసికొనెను. 1817 డిసెంబరున గ్రంథము వెలువడునప్పటికి ఆమెయే లేదు.

ఆమె పరిహసించినది ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో ప్రకటించిన ‘ఉడాల్ఫో’ వంటి, శిథిలదుర్గములతోను రహస్యద్వారములతోను నిండిన నవలలను. నాయిక కాథరిన్‌కు ఆమె స్నేహితురాలు ఇసబెల్లా ఏకరువు పెట్టు ఏడు భయంకర నవలలు వట్టి కల్పిత నామములేయని పండితులు సైతము చాలకాలము భ్రమించిరి. అవి నిజముగా అచ్చయిన పుస్తకములని 20వ శతాబ్దమున గాని తేలలేదు. ఇక నాయికాలక్షణములలో ఒక్కటియు కాథరిన్‌కు లేదని సాగు మొదటి ప్రకరణపు వ్యంగ్యము నీకు అందకపోవుటలో వింత యేమి? ఆ పుటలను నేనును ఆవులించుచునే దాటితిని.

అయినను, నల్ల బీరువా ఘట్టమును మరల చదువుము. గాలివాన హోరున కురియుచుండ, ఆ పదునేడేండ్ల పిల్ల తాళముతో పెనగులాడి, సొరుగులన్నియు వెదకి, లోపలి అరలో కాగితపు చుట్టయొకటి కనుగొని, ఏ అభాగిని రహస్యలేఖయోయని ఆత్రపడి, కొవ్వొత్తి వత్తిని సవరింపబోయి ఆర్పివైచుకొని, చాల ప్రొద్దుపోవువరకు గడగడ వణకెను. తెల్లవారి చూడగా అది చొక్కాలకును మేజోళ్లకును వ్రాసిన చాకలి పద్దు! అంతకంటె రుచియైన సంగతి, బీరువాకు అసలు తాళమే వేసి యుండలేదేమో, తాళపుచెవి త్రిప్పి తానే బిగించితినేమోయని ఆమెకు తోచుట. ఇందుకు నవ్వుటకు ఉడాల్ఫోతో పని లేదు. అట్లే, ఉడాల్ఫోను తీసిపారవైచి, చదివిన రాడ్‌క్లిఫ్ నవలలే చదువవలెనని పలుకు ఇసబెల్లా అన్న జాన్ థోర్ప్‌కు, ఉడాల్ఫో ఆమె వ్రాసినదేయని కాథరిన్ జంకుచు చెప్పు చోటు. ఇట్టివారు నేటి సభలలోను కొల్లలు.

ఇక కాథరిన్‌ను తన ఇంటికి అతిథిగా పిలిచిన జనరల్ టిల్నీ. అతడు భార్యను హత్య చేసెనని కాథరిన్ ఊహించుట నవ్వులాట. కాని పిల్ల ధనవంతురాలు కాదని తెలియగానే తోడైనను ఈయక డెబ్బది మైళ్ల దూరము ఒంటరిగా వెడలగొట్టుట నవ్వులాట కాదు. నవల యొక్క సత్తువ ఇచ్చటనే యున్నదని ఇప్పుడు నా నిశ్చయము.

వారపత్రికల సీరియళ్లను వెక్కిరించుచు నీవు వ్రాయుచున్న నవలను గూర్చియు ఒక మాట. మన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారి పేరడీలను ఆనందించుటకు మూలకవులు చెవిలో మ్రోగుచుండవలెను. పొట్టి రచనకు అది చెల్లును, మూడువందల పుటల నవలకు చెల్లదు. నీ కథలోని అత్తగారు సీరియళ్ల అత్తలను హేళనచేయుటకే పుట్టినట్లున్నది. ఆమెకు సొంతముగా ఒక అప్పును, దానిని కోడలికంట పడకుండ దాచుకొను ఆరాటమును ఇమ్ము. ఆ ప్రకరణమును తిరుగవ్రాసి సంక్రాంతిలోపల నాకు పంపుము. ఆస్టెన్ పుస్తకమును మాత్రము అప్పుడే ఎవరికిని ఇచ్చివేయకుము.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ మామయ్య